డ్యూక్ మాటల్లో దాగిన ప్రాస

మేనకోడలికి వచ్చే వారం పరీక్ష. నేను కూర తరుగుతుంటే పుస్తకం పట్టుకొని వంటింట్లోకే వచ్చింది. పాఠం ‘మై లాస్ట్ డచెస్’. ఆంగ్ల కవి రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో ప్రచురించిన కవిత. ఇటలీలోని ఫెరారాను ఏలే ప్రభువు, అంటే డ్యూక్, తనతో పెళ్లి సంబంధం మాట్లాడడానికి వచ్చిన దూతకు చనిపోయిన భార్య చిత్రపటం చూపిస్తాడు. మొదటి నుంచి చివరి దాకా మాట్లాడేది ఆయనొక్కడే.

“అత్తయ్యా, 56 పంక్తులకీ జంటలు జంటలుగా అంత్యప్రాస ఉందని నోట్సులో రాశారు. చదువుతుంటే ఒక్కటీ వినపడదెందుకు?” అంది.

ఎంత మంచి ప్రశ్న! ఇద్దరం పైకి చదివాం. పంక్తి అయిపోయినా వాక్యం ఆగదు, కింది పంక్తిలోకి సాగిపోతుంది. గొంతు ఆగకపోతే చివరి ప్రాస చెవిన పడదు. మన వృత్తాల్లోనూ మాట పాదం దాటి పోతుంది కానీ, ప్రాస రెండో అక్షరం మీద ఉంటుంది కనుక వినపడుతూనే ఉంటుంది. ఇక్కడ అది కావాలనే దాగింది. తనకు మాట నేర్పు లేదంటాడు డ్యూక్. తీరా చూస్తే, మాటామంతీలా సాగే ఆ ధోరణిలో ఒక్క పంక్తీ కట్టు తప్పదు. ఆ పటం మీది తెరను కూడా ఆయన తప్ప ఎవరూ తీయకూడదు.

ఇంతకీ ఆమె చేసిన తప్పేమిటి? సూర్యాస్తమయానికీ, ఎవరో తెచ్చిన చెర్రీ కొమ్మకీ, తెల్ల కంచరగాడిదకీ మురిసిపోయింది. ఆయనిచ్చిన తొమ్మిది వందల ఏళ్ల వంశం పేరుకు అంతకన్నా ఎక్కువ మురవలేదు. ఆజ్ఞలిచ్చాను, నవ్వులన్నీ ఆగిపోయాయి అంటాడు. అంతే, వెంటనే వేరే మాట. ఆ ఆజ్ఞ చంపమనో, క్రైస్తవ సన్యాసినుల మఠంలో పెట్టమనో అయి ఉండవచ్చని బ్రౌనింగే తర్వాత అన్నాడట. నాకు మాత్రం ఆ చిన్న వాక్యంలో హత్యే వినిపిస్తుంది. ఈ కథకు మూలమని చెప్పే నిజమైన ఫెరారా డ్యూక్ భార్య లుక్రేజియా దె మెదిచి 1561లో చనిపోయేనాటికి ఆమెకు పదహారేళ్లు. మా పిల్లకన్నా చిన్నది.

కవిత చివర్లో, రోమన్ల సముద్ర దేవుడు నెప్ట్యూన్ సముద్రాశ్వాన్ని లొంగదీసే కంచు బొమ్మ వస్తుంది. దాన్ని నోట్సులో ‘ప్రతీక’ అని వదిలేశారు. కట్నం సంగతి తేలాక, మెట్లు దిగబోతూ డ్యూక్ దాన్ని ఎందుకు చూపించాడో రాయమన్నాను. కాబోయే భార్యకు కబురది.

“ఆ దూత తిరిగి వెళ్లి ఏం చెప్పి ఉంటాడు?” అని అడిగింది. కవితలో అతనిది ఒక్క మాట లేదు. సంబంధం వద్దని చెప్పి ఉండాలని మాత్రం ఇద్దరం గట్టిగా కోరుకున్నాం.