మా అమ్మాయి, ఏపీ పరీక్షలు, నా ఎంసెట్ బుద్ధి

టెక్సస్‌లో మేముండే చోట తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే, వారి పిల్లలు పదకొండో తరగతికి వచ్చి ఉంటే, మాట తప్పకుండా ఏపీల మీదికి మళ్ళుతుంది. ఈ ఏపీ మన ఆంధ్రప్రదేశ్ కాదు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠం చదివి, మే నెలలో కాలేజ్ బోర్డ్ పెట్టే పరీక్ష రాయడం. "మీ అమ్మాయి ఎన్ని రాస్తోంది?" అన్న ప్రశ్న, ఒకప్పుడు మా వీధిలో "ఎంసెట్‌లో ర్యాంకెంత?" అని అడిగినట్టే ఉంటుంది. ఏ సబ్జెక్టు, ఎందుకు అని మాత్రం ఎవరూ అడగరు.

పాఠం వేరు, పరీక్ష వేరు అన్నది ఈ హడావిడిలో మరుగున పడిపోతోంది. పాఠంలో వచ్చిన గ్రేడు జీపీఏలో, అంటే అన్ని సబ్జెక్టుల గ్రేడుల సగటులో, కలుస్తుంది; తరగతిలో స్థానం దాన్ని బట్టే. టెక్సస్‌లో దాని విలువ మరీ ఎక్కువ, ఎందుకంటే తరగతిలో మొదటి 10 శాతంలో నిలిచినవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు 1997 నాటి చట్టం ప్రకారం నేరుగా సీటిస్తాయి, ఆస్టిన్‌లోని విశ్వవిద్యాలయమైతే 2026 నుంచి మొదటి 5 శాతానికే ఇస్తోంది. పరీక్షలో 1 నుంచి 5 వరకు వచ్చే స్కోరు ముఖ్యంగా కాలేజీ క్రెడిట్ల కోసం, అంటే ఆ కోర్సు కాలేజీలో మళ్ళీ చదవకుండానే చదివినట్టు లెక్కలో వేయించుకోవడానికి. ఒక్కో పరీక్షకు దాదాపు వంద డాలర్లు. పైగా నవంబరు మధ్యలోగానే బడి ద్వారా పేరు నమోదు చేసుకోవాలి, అప్పటికి సగం పాఠమైనా అయి ఉండదు.

క్రెడిట్ల విషయానికొస్తే, ఈ రాష్ట్రపు ప్రభుత్వ కాలేజీలు 3 వస్తే చాలు సాధారణంగా క్రెడిట్ ఇవ్వాలని 2015లో చట్టం చేశారు. కాల్‌టెక్, డార్ట్‌మత్ వంటి పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో 5 వచ్చినా క్రెడిట్ ఇవ్వరు. కాబట్టి పిల్లలు ఎక్కడికి వెళ్ళబోతున్నారన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు పదకొండో తరగతిలో ఎవరి దగ్గరా ఉండదు.

ఇంత చెబుతున్నాను గానీ, పరీక్ష తయారీ వృథా అని మాత్రం అనలేను. మొన్న ఒక రాత్రి మా అమ్మాయి భోజనాల బల్ల మీద కాలిక్యులస్ బీసీ (ఏపీ కాలిక్యులస్ రెండు కోర్సుల్లో పెద్దది) పాత ప్రశ్నపత్రం పెట్టుకుని కూర్చుంది. అవకలజం (డెరివేటివ్) గ్రాఫ్ ఇచ్చి, ఫలానా బిందువు దగ్గర ప్రమేయానికి స్థానిక గరిష్ఠం ఉందా, కారణం చెప్పండి అని అడిగారు. ఎంసెట్‌లో మూడు గంటల్లో 160 బిట్లు పెట్టి వచ్చినవాణ్ణి కదా, గ్రాఫ్ చూడగానే "ఉంది" అనేశాను. "నాన్నా, అంతే రాస్తే సున్నా," అంది. అవకలజం అక్కడ ధనాత్మకం నుంచి రుణాత్మకానికి మారుతోంది కాబట్టి అని వాక్యం రాస్తేనే ఆ మార్కు. జవాబు తెలిసి కూడా కారణం రాయడానికి నాకు మరో రెండు నిమిషాలు పట్టింది. ఇంటర్లో ఎవరూ నన్నలా అడగలేదు.

అయితే క్రెడిట్ వచ్చింది కదా అని కోర్సు దాటేయడంలో చిక్కుంది. తెలిసినవారి అబ్బాయి 4 స్కోరుతో మొదటి కాలిక్యులస్ వదిలేసి నేరుగా రెండోదానిలో కూర్చుని, ఇంజనీరింగ్ తొలి సెమిస్టరంతా అవస్థ పడ్డాడు. చరిత్ర, గవర్నమెంట్ వంటివి ఇలా ముగించుకోవడం లాభమే గానీ, తాను చదవబోయే శాస్త్రానికి పునాది అయినదాన్ని 5 వస్తే తప్ప దాటవద్దని నా అభిప్రాయం. వైద్యం వైపు వెళ్ళేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. జీవశాస్త్రం, రసాయనశాస్త్రాలకు ఏపీ క్రెడిట్‌ను ఒప్పుకోని మెడికల్ స్కూళ్ళు ఉన్నాయి.

పన్నెండో తరగతి కోర్సుల ఫారంలో మా అమ్మాయి మొదట ఐదు ఏపీలు రాసింది. స్నేహితురాళ్ళంతా ఐదేనట. రెండు రోజులయ్యాక సైకాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ కొట్టేసి, ఒకచోట కుండల తయారీ క్లాసు రాసి, నా ముందు పెట్టింది. నాకు మింగుడుపడలేదు. పెన్ను కోసం కాసేపు వెతికినట్టు నటించి, సంతకం పెట్టాను.