సత్ప్రవర్తన బహుమతి: ముందు చీటీ, తర్వాతే వేదిక

సత్ప్రవర్తన బహుమతి ఎవరికివ్వాలన్న చర్చ చాలా బడుల్లో వార్షికోత్సవానికి వారం ముందు మొదలవుతుంది. అప్పుడు స్టాఫ్‌రూమ్‌లో ఎవరి పేరు ముందు గుర్తొస్తే ఆ పేరే సర్టిఫికెట్ మీదికెక్కుతుంది. మామూలుగా అది ముందు బెంచీలో కూర్చుని, ఎదురు చెప్పకుండా, మార్కులు బాగా తెచ్చుకునే పిల్ల పేరు. ఆ పిల్ల నిజంగా మంచిదే కావచ్చు. కానీ బహుమతి ఎందుకొచ్చిందో పక్కనున్న పిల్లలు చెప్పలేరు, ఒక్కోసారి తనకే తెలియదు. ఏడాది పొడవునా ఎవరేం చేశారో ఎవరూ రాసిపెట్టకపోవడం వల్ల వచ్చే తిప్పలివన్నీ.

అందుకే పని చీటీతో మొదలుపెట్టాలి. సగం కాగితం చాలు. ఎవరు, ఎప్పుడు ఎక్కడ, ఏం చేశారు, చూసిందెవరు: ఈ నాలుగే ఉండాలి. ‘చాలా వినయం గలవాడు, అందరితో కలుపుగోలుగా ఉంటాడు’ అని వచ్చిన చీటీని రాసినవాళ్లకే తిప్పి పంపి, ఏం చేశాడో రాయమనాలి. పనికొచ్చే చీటీ ఇలా ఉంటుంది: ‘ఏడో తరగతి అబ్బాయి. మంగళవారం మధ్యాహ్నం, భోజనాల దగ్గర. ఒకటో తరగతి పాప వాంతి చేసుకుంటే మిగతావాళ్లు దూరం జరిగారు. ఇతను నీళ్లు తెచ్చి మూతి కడిగి, ఆయాను పిలిచి, పాప తేరుకునేదాకా పక్కనే కూర్చున్నాడు. చూసింది: ఆయా.’ బహుమతికి పేర్లు తేల్చే కమిటీకి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

చూసింది ఆయా అన్న మాట ఊరికే రాయలేదు. టీచర్ ఎదుట పిల్లలు ఎలాగూ బుద్ధిగానే ఉంటారు. మెట్ల దగ్గర, బస్సులో, చేతులు కడిగే కుళాయిల దగ్గర ఎలా ఉంటారో ఆయాకి, వాచ్‌మన్‌కి, బస్సు డ్రైవర్‌కి, లైబ్రేరియన్‌కి తెలుసు. వాళ్లలో కొందరు రాయలేకపోవచ్చు, రాయడానికి మొహమాటపడొచ్చు. పదిహేను రోజులకోసారి ఒక టీచర్ వెళ్లి పది నిమిషాలు కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. ఈ ఒక్క పని చేస్తే జాబితాలో సగం పేర్లు కొత్తవి కనిపిస్తాయి.

పిల్లల చేత కూడా రాయించాలి, కానీ ‘మీ క్లాసులో అందరికన్నా మంచివాళ్లెవరు’ అని అడగకూడదు. అలా అడిగితే అది ఎన్నిక అవుతుంది, స్నేహితులెక్కువ ఉన్నవాళ్లు గెలుస్తారు. ‘ఈ నెలలో నీకు సాయం చేసిందెవరు, ఏం చేశారు’ అని అడిగితే సంగతులు వస్తాయి. చీటీలు వేయడానికి పెట్టె పెట్టి ఊరుకున్నా లాభం లేదు. రెండు వారాలు తెరవకపోతే అందులో చీటీలకన్నా చాక్లెట్ కాగితాలే ఎక్కువుంటాయి.

టర్మ్‌కోసారి చీటీలను హాజరుపట్టీతో సరిచూడాలి. నలభై మంది ఉన్న క్లాసులో ఒక్క చీటీ కూడా రాని పేర్లు తప్పకుండా తేలతాయి. వాళ్లు ఏమీ చేయలేదని అప్పుడే అనుకోకూడదు. వారానికి అయిదారుగురి చొప్పున ఆ పేర్లు క్లాస్ టీచర్ మనసులో పెట్టుకుని గమనిస్తే చాలు. ఏమీ కనబడకపోతే ఏమీ రాయకూడదు, జాలిపడి పుట్టించిన చీటీని పిల్లలు ఇట్టే పసిగడతారు.

సమాజసేవకిచ్చే బహుమతి విషయంలో చిక్కులు వేరు. చాలాచోట్ల గంటలు లెక్కపెడతారు. యాభై గంటలని గీత గీసిన మరుక్షణం గంటలు తయారవుతాయి: తెలిసినవాళ్ల సంతకాలు, పెద్దల చేతిరాతతో డైరీలు, బ్యానర్ పట్టుకున్న ఫొటోలు. పైగా సాయంత్రాలు ఖాళీ ఉండి, దింపి రావడానికి ఇంట్లో మనిషున్న పిల్లలకే గంటలు పోగవుతాయి. బడి అయ్యాక తమ్ముణ్ణి చూసుకునే అమ్మాయి, మంచం పట్టిన నాయనమ్మకు మందులు వేసే అబ్బాయి ఈ లెక్కలోకే రారు. అదీ సేవే, లెక్కలోకి రావలసిందే. కాకపోతే ఇంటి సంగతి వేదిక మీద చదవాలా వద్దా అన్నది ఆ పిల్లల ఇష్టం.

గంటలకు బదులు మూడు ప్రశ్నలు పెట్టండి: ఎవరికి ఏం అవసరం పడింది, నువ్వేం చేశావు, ఇంకా ఏం మిగిలింది? మూడోదానికి జవాబు రాయగలిగినవాళ్లు నిజంగా పనిలోకి దిగినట్టే. తర్వాత సేవ అందుకున్నచోటికి ఒక ఫోన్ చేయాలి. ‘బాగా చేశారా’ అంటే ఎవరైనా బాగా చేశారనే అంటారు. ‘వాళ్లు రాకపోతే మీకు ఏ పని ఆగేది’ అని అడగాలి. మొక్కలు నాటిన రోజు ఫొటోలో ఇరవై మంది ఉంటారు. మూడు నెలల తర్వాత వెళ్లి, నీళ్లు పోస్తున్నదెవరని అడిగితే ఒకటో రెండో పేర్లు వినిపిస్తాయి. బహుమతి ఆ పేర్లది.

కమిటీలో ముగ్గురు లేదా అయిదుగురు ఉంటే సరిపోతుంది. పేర్లు తీసేసి చీటీలకు నంబర్లు వేసి ఇవ్వాలి. క్లాస్ టీచర్ తన క్లాసు పిల్లల గురించి అడిగింది చెప్పొచ్చు గానీ ఓటు వేయకూడదు. ఆ పని చేయడానికి పిల్లవాడు ఏం వదులుకున్నాడు, ఎంతకాలం నిలకడగా చేశాడు, ఎవరూ చూడరనుకున్నప్పుడు కూడా చేశాడా అన్నవి చూడాలి. పోయినేడు గొడవపడ్డాడన్న కారణంతో ఎవరినీ కొట్టేయకూడదు. మారిన పిల్లవాణ్ణి పాత పేరుతోనే పిలిస్తే మారినందుకు దక్కిందేముంది? దీనికి రెండో వైపు కూడా ఉంది. పెద్దల ముందు ఎంతో మర్యాదగా ఉంటూ చిన్న క్లాసు పిల్లల్ని ఏడిపించేవాళ్లుంటారు. అందుకే పేర్లు ఖాయం చేసేముందు కింది తరగతుల్లో, బస్సులో గుట్టుగా విచారించడం తప్పనిసరి. అలాంటి పిల్లవాడికి చప్పట్లు కొట్టించితే, వాడి చేతిలో నలిగిన పిల్లలు ఇక పెద్దలతో ఏదీ చెప్పుకోరు.

బహుమతిని ముందే ఎర వేయడం మంచిది కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు లెప్పర్, గ్రీన్, నిస్బెట్ 1973లో వెలువరించిన ప్రయోగంలో, బొమ్మలు వేయడం ఇష్టమున్న మూడు నుంచి అయిదేళ్ల పిల్లల్లో కొందరికి ‘వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందుగా చెప్పి ఇచ్చారు, కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి అసలు ఇవ్వలేదు. కొన్నాళ్లకు చూస్తే, ముందుగా చెప్పించుకున్నవాళ్లు బొమ్మల మీద గడిపిన సమయం మిగతావాళ్లు గడిపినదాంట్లో దాదాపు సగమే. అది చిన్నపిల్లల బొమ్మల సంగతి, అన్నింటికీ అతికించలేం. అయితే 2021లో అచ్చయిన మరో అధ్యయనం ఉంది. అమెరికాలో 15 వేల మందికి పైగా విద్యార్థుల మీద జరిపారు. అంతకుముందు ఒక నెలలో పూర్తి హాజరు ఉన్నందుకు అవార్డు అందుకున్నవాళ్ల హాజరు తర్వాత తగ్గింది. బడి కోరినదానికన్నా మేం ఎక్కువే వస్తున్నామన్న సంకేతం వాళ్లకు అంది ఉంటుందని పరిశోధకుల అంచనా.

కాబట్టి ఏడాదికోసారి పెద్ద షీల్డు ఇవ్వడం కన్నా, చీటీ వచ్చిన వారంలోపే ‘మంగళవారం నువ్వు చేసింది ఆయా చెప్పింది’ అని టీచర్ విడిగా పిలిచి ఓ మాట చెప్పడం మేలు. డబ్బు వద్దు. ఏదైనా ఇవ్వాలనుకుంటే ఆ పని సాగడానికి పనికొచ్చేది ఇవ్వండి: మొక్కలు చూసేవాళ్లకు పైపు, చిన్నవాళ్లకు చదివి వినిపించేవాళ్లకు పుస్తకాలు. క్లాసుకొకటి చొప్పున కోటా పెట్టొద్దు. కోటా ఉంటే వంతులవారీ పంపకం మొదలవుతుంది. ఒక నెల ఎవరికీ ఇవ్వకపోయినా కొంప మునగదు.

వేదిక మీద చదివే మాటలు నలభైకి మించొద్దు. చేసిన పని ముందు రావాలి, విశేషణాలు అసలే వద్దు. అది ముందుగా పిల్లలకు, ఇంట్లోవాళ్లకు చూపించి ఒప్పుకుంటేనే చదవాలి. సాయం పొందినవాళ్ల పేరు ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి రాకూడదు. ‘నడవలేని మిత్రుడికి చేయూతనిచ్చాడు’ అని మైకులో చదివితే, ఆ మిత్రుడు అదే హాల్లో కూర్చుని ఉంటాడు. పేరు ఎలా పలకాలో పిల్లల్నే అడగాలి. వేదికంటే బెదిరే పిల్లలకు ఇంటికి ఉత్తరం పంపితే సరిపోతుంది. మనిషికి పాతిక సెకన్ల లెక్కన పన్నెండు మందికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆలస్యమంతా ముఖ్య అతిథుల ప్రసంగాల వల్లే.

‘మావాడికెందుకు రాలేదు’ అని తల్లిదండ్రులు తప్పక వస్తారు. ఇంకో పిల్లవాడి చీటీ తీసి చూపించకండి. ఖాళీ చీటీ ఇచ్చి, ఇందులో ఏమేం చూస్తామో చెప్పండి. కావాలంటే చీటీలు ఇళ్లకు కూడా పంపొచ్చు, ఒకే షరతు మీద: సొంత పిల్లల గురించి కాకుండా వేరేవాళ్ల పిల్లల గురించే రాయాలి.