మూలం దాకా వెళ్లడం

పరిశోధనలో అడుగుపెట్టిన కొత్తలో నన్ను బాగా కట్టిపడేసింది వ్యాసాల చివర ఉండే రిఫరెన్సుల జాబితా. "ఇది ఇప్పటికే రుజువైంది" అని ఒక చోట చదివి, అందుకు చూపిన ఆధారాన్ని తెరిచాను. అందులో మరో వ్యాసం పేరు. దాన్నీ తెరిస్తే ఇంకొకటి. తవ్వుకుంటూ పోతే దొరికిన అసలు వ్యాసంలో రచయితలు రాసింది "కావచ్చు" అని మాత్రమే! చేతులు మారేకొద్దీ ఆ సందేహం జారిపోయి, ఊహ కాస్తా నిజమై కూర్చుంది. ఆ సాయంత్రం నాకు కలిగిన ఉత్సాహం ఇంతా అంతా కాదు.

మా గైడ్ గారికి చూపిస్తే, "పద్ధతుల భాగం చదవండి, ఎంతమందిని పరీక్షించారో చూడండి" అన్నారు. ఇప్పుడు ఏ వ్యాసమైనా ముందు పట్టికలు, పద్ధతులు, ఆ తర్వాతే ముగింపు.

2018లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న ఫ్రాన్సిస్ ఆర్నాల్డ్, ఫలితాలు మళ్లీ రాబట్టలేకపోవడంతో 2019 నాటి తమ వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నట్లు 2020 జనవరిలో బహిరంగంగా ప్రకటించారు. అది తెలిశాక ఆమె మీద గౌరవం రెట్టింపైంది.

వచ్చే వారం నా సొంత డేటా సేకరణ మొదలు. ప్రతి కొలతనూ తేదీ వేసి నోటుపుస్తకంలో రాస్తాను.