గడియారం వెనక్కి వెళ్లిన ఆదివారం

రాత్రి ఉరుములతో వాన దంచికొట్టింది. అర్ధరాత్రి దాటాక ఎప్పుడో కరెంటు పోయింది, తెల్లవారాక వచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విజయనగరాన్ని రోజుల తరబడి చీకట్లో పెట్టాక కొన్న ఇన్వర్టరు మాకుంది. అయితే అది ఫ్యాన్లకీ లైట్లకే. హాల్లో మూలనున్న నా పాత డెస్క్‌టాప్‌కి వేరే చిన్న యూపీఎస్ ఉంది, అంతసేపు అది ఆగదు.

పొద్దున్నే అత్తయ్య ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "ఏటమ్మా, నెట్ రావట్లేదు? పైన గీతలన్నీ నిండుగానే ఉన్నాయి, ఏటీ తెరుచుకోవట్లేదు." వెనకే అమ్మాయి. దానికి తొమ్మిదింటికి ఆన్‌లైన్ క్లాసు, దాని టెన్షన్ దానిది.

ఆ డెస్క్‌టాప్‌లో నడిచేది ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్. బర్కిలీ యూనిక్స్ వంశంలోది, 1993లో మొదటి విడుదల వచ్చింది. మా ఇంటి ఫొటోలు, మామయ్యగారి భూమి కాగితాల స్కాన్లు, నా ఫిజిక్స్ నోట్సు అన్నీ అందులోనే. ఇంట్లో ఏ ఫోన్ ఏ సైటు పేరు అడిగినా దాని నంబరు వెతికిపెట్టే డీఎన్ఎస్ పని కూడా అదే చేస్తుంది. అందుకే అది కాస్త తడబడితే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది.

ముందు ఇంట్లోవాళ్ల పని జరగాలి, కారణం తర్వాత వెతకొచ్చు. రౌటర్లోకి వెళ్లి డీఎన్ఎస్ చిరునామా మార్చి గూగుల్ డీఎన్ఎస్ నంబరు 8.8.8.8 పెట్టాను. ఫోన్లన్నీ లేచి కూర్చున్నాయి. దాంతో సగం సంగతి తేలిపోయింది: లైను బాగుంది, వైఫై బాగుంది, చిక్కల్లా నా పెట్టెలోనే. "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యి, అదే సర్దుకుంటుంది" అన్నారు మా ఆయన. రాత్రి జరిగింది సరిగ్గా అదే కదా, ఆఫ్ అయ్యి ఆన్ అయింది. అది మళ్లీ చేస్తే వచ్చేదేమీ లేదు.

అన్‌బౌండ్ నడుస్తూనే ఉంది. ఫ్రీబీఎస్‌డీలో 10వ వెర్షన్ నుంచీ బైండ్ అనే పాత ప్రోగ్రాం స్థానంలో ఇంటి అవసరాలకి వచ్చిన డీఎన్ఎస్ ప్రోగ్రాం ఇది. డ్రిల్ కమాండుతో ఒక పేరు అడిగితే సర్వ్‌ఫెయిల్, అంటే జవాబు ఇవ్వలేను అని తిప్పికొట్టింది. ఏం జరిగిందో అది రాసుకునే చిట్టా, లాగ్ తెరిచాను. సంతకాన్ని సరిచూడలేకపోతున్నాను, దాని ప్రారంభ తేదీ ఇంకా రాలేదు అనే అర్థంలో వరసగా ఒకటే ఫిర్యాదు. ఇంకా రాని తేదీ ఏమిటి? పక్కనే లాగ్ లైన్ల మొదట్లో ఉన్న తేదీలు చూశాను. నిన్న రాత్రి వరకూ జూలై, ఆ కింద లైను నుంచి జనవరి 1. ఈ లాగ్‌లో సంవత్సరం ఉండదు. డేట్ అని కొడితే అదీ తెలిసింది: 2010 జనవరి 1.

డీఎన్ఎస్ జవాబు అసలైనదేనా అని సరిచూసే పద్ధతి డీఎన్ఎస్‌సెక్. అందులో ప్రతి జవాబుకీ ఒక డిజిటల్ సంతకం, ప్రతి సంతకానికీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకూ అని గడువు. అన్నిటికీ పైనుండే రూట్ జోన్‌కి సంతకం పెట్టిందే 2010 జూలై 15న. నా పెట్టె లెక్క ప్రకారం అది ఇంకా జరగనేలేదు! అలాంటప్పుడు అన్‌బౌండ్ ఏ జవాబునైనా ఎందుకు నమ్మాలి? నమ్మకపోవడమే దాని ధర్మం.

మరి గడియారాన్ని సరిదిద్దాల్సిన ఎన్‌టీపీడీ ఏం చేస్తోంది? అది టైము అడగాల్సిన సర్వర్లు కాన్ఫిగరేషన్‌లో పేర్లతో ఉన్నాయి. పేరుకి నంబరు కావాలంటే డీఎన్ఎస్ పనిచెయ్యాలి. డీఎన్ఎస్ పనిచెయ్యాలంటే టైము సరిగా ఉండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. పైగా ఎన్‌టీపీడీకి ఇంకో పట్టింపుంది: తేడా వెయ్యి సెకన్లు దాటితే, అంటే పదిహేడు నిమిషాలకి కాస్త తక్కువ, ఇది నా చేతిలో పని కాదని తప్పుకుంటుంది. మొదలయ్యేటప్పుడు ఒక్కసారికి ఎంత తేడా అయినా సరిదిద్దుకొమ్మని మనం విడిగా అనుమతి ఇవ్వాలి.

ఇక్కడ కాసేపు ఆగి చూశాను, నిజంగా ముచ్చటేసింది. అన్‌బౌండ్ తప్పు చెయ్యలేదు, ఎన్‌టీపీడీ తప్పు చెయ్యలేదు. ఎవరి జాగ్రత్త వాళ్లు పడ్డారు, ఇల్లు మాత్రం ఆగిపోయింది. వీటిలో ప్రతి జాగ్రత్తా మాన్యువల్ పేజీల్లో రాసి ఉంది, కావాలంటే సోర్సు తెరిచి ఆ లైను కూడా చదువుకోవచ్చు. ఇంత పాత పెట్టెను నేను ఇంట్లో పెట్టుకుని చూసుకునేది ఇందుకే. కారణం చివరంటా కనబడుతుంది.

ఫోన్‌లో టైము చూసి, చేత్తో తేదీ కొట్టాను. అన్‌బౌండ్‌ని మళ్లీ మొదలుపెట్టగానే డ్రిల్ చక్కగా జవాబిచ్చింది. అయితే అసలు భయం అప్పుడు పట్టుకుంది నాకు. ఫైళ్లు ఒక సమయానికి ఎలా ఉన్నాయో అలాగే నిలిపి ఉంచేవి స్నాప్‌షాట్లు. వాటిలో పాతవాటిని తేదీ చూసి చెరిపేసే స్క్రిప్టు ఒకటి రోజూ నడుస్తుంది. గడియారం వెనక్కి వెళ్లింది కాబట్టి దాని కంటికి ఏదీ పాతబడలేదు. అదే ముందుకి దూకి ఉంటే? అన్నీ గడువు దాటినవే అనుకుని ఊడ్చేసేది. ఈ పెట్టెలో ఫైళ్లను డిస్కు మీద సర్దిపెట్టేది జెడ్‌ఎఫ్‌ఎస్. వెంటనే ముఖ్యమైన స్నాప్‌షాట్లకి జెడ్‌ఎఫ్‌ఎస్ హోల్డ్ పెట్టాను. హోల్డ్ తీసేదాకా వాటిని ఎవరూ చెరపలేరు. డిస్కుల పరిస్థితి చెప్పే జెడ్‌పూల్ స్టేటస్‌లో లోపాలేవీ లేవు. ఉండవు కూడా, ఎందుకంటే జెడ్‌ఎఫ్‌ఎస్ ఏది ముందు రాశానో ఏది తర్వాత రాశానో గడియారాన్ని బట్టి లెక్కపెట్టదు, వరస నంబర్లతో లెక్కపెడుతుంది. తెలిసినా, డిస్కులో ఉన్నదంతా చదివి సరిచూసే స్క్రబ్ మొదలుపెట్టాను. మామయ్యగారి కాగితాలు అందులో ఉన్నాయి.

ఇక మూలం. పెట్టె విప్పి, మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ తీసి మల్టీమీటర్ పెట్టాను. మూడు వోల్టులు ఉండాల్సింది రెండు దగ్గర ఊగుతోంది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతకాలం గడియారానికి ఈ బ్యాటరీ అవసరం పెద్దగా పడదు, పవర్ సప్లై నుంచే అందుతుంది. అందుకే ఇది ఎప్పుడు చచ్చిపోయిందో తెలియలేదు. రాత్రి యూపీఎస్ కూడా చేతులెత్తేశాకే బయటపడింది.

గంటస్తంభం దగ్గర చేతి గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు తెరిచే ఉంది. సీఆర్2032 అడిగాను. అందులో 20 అంటే అడ్డంగా ఇరవై మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. "కారు తాళానికా అమ్మా?" అన్నాడాయన. కంప్యూటర్లో గడియారానికి అన్నాను. "దాన్లోనూ క్వార్ట్‌జేనా?" అని అడిగాడు. అవునన్నాను. సెకనుకి 32,768 సార్లు కంపించే స్ఫటికం, ఆయన బల్ల మీద విప్పి పెట్టిన వాచీలో ఉన్నదే మా పెట్టెలోనూ ఉంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది, అదే ఒక సెకను. రేపు ఇంటర్ పిల్లలకి కంపనాల పాఠంలో ఇది చెప్పి తీరాలి.

ఇంటికొచ్చి ప్లగ్గు పీకి కొత్త బ్యాటరీ వేశాను. ఆన్ చేయగానే ముందుగా నడిచే బయాస్ సెట్టింగుల్లో టైము పెట్టాను. ఫ్రీబీఎస్‌డీ సెట్టింగులుండే ఆర్‌సీ కాన్ఫ్ ఫైల్లో ఎన్‌టీపీడీకి ఆ ఒక్కసారి అనుమతి ఇచ్చాను. టైము సర్వర్ల పేర్లకి మాత్రం సంతకం చూడొద్దని అన్‌బౌండ్‌కి చెప్పాను. ఇది కాస్త రాజీయే, ఆ కొద్ది పేర్ల విషయంలో భద్రత తగ్గుతుంది. కానీ మళ్లీ బ్యాటరీ పోయినా ఆ చిక్కుముడి పడకుండా ఉండాలంటే ఎక్కడో ఒకచోట ముడి వదులు చెయ్యాల్సిందే. నాకు అది సబబుగానే తోచింది.

భోజనాలప్పుడు ప్లగ్గు పీకేసి ఉంచాను. తర్వాత ఆన్ చేస్తే తేదీ, టైము నిలిచే ఉన్నాయి. ఇంకో పరీక్ష: కావాలనే బయాస్‌లో 2010 పెట్టి బూట్ చేశాను. కాసేపట్లో దానంతటదే ఇవాళ్టికి వచ్చింది, పేర్లన్నీ తెరుచుకున్నాయి. అప్పుడు రౌటర్లో పాత డీఎన్ఎస్ చిరునామా తిరిగి పెట్టి, అత్తయ్యని ఫోన్ చూడమన్నాను. "వచ్చిందమ్మా" అన్నారు.

స్క్రబ్ పూర్తయింది, లోపాలు లేవు. హోల్డులు ఇంకో వారం ఉంచుతాను. ఈలోపు ఆ స్క్రిప్టులో ఒక షరతు చేర్చాలి: తేదీ నిన్నటికంటే వెనక ఉన్నా, మరీ ముందుకి పోయినా ఏదీ చెరపకుండా ఆగిపోవాలి. బొబ్బిలిలో తమ్ముడి కొట్టులో బిల్లులు కొట్టే కంప్యూటరు కూడా ఈ వయసుదే. వచ్చే ఆదివారం వెళ్లేటప్పుడు ఇంకో బ్యాటరీ కొనుక్కెళ్లాలి.