నేలపట్టు గట్టు మీద ఓ పొద్దున

తిరుపతిలో తెల్లారకముందే బయల్దేరి నేలపట్టు పక్షుల అభయారణ్యం చేరేసరికి మంచు ఇంకా విడలేదు, కానీ గూడబాతు (పెలికాన్) పిల్లల అరుపులు మాత్రం దారిలోనే వినబడ్డాయి. చెరువు నీళ్ళలో నిలబడ్డ కడపచెట్ల నిండా గూళ్ళే. ఒక పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి చేప తింటుంటే బైనాక్యులర్ దించబుద్ధి కాలేదు. రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పారితే పంటకు మంచిదని ఇక్కడి రైతులు వీటి జోలికి ఎవర్నీ రానివ్వరు.

నాకు పక్కనున్న వరి మడులు ఇంకా ఇష్టం. దమ్ము చేస్తున్న ట్రాక్టర్ వెనకాలే తెల్లకొంగలు, కాస్త దూరంలో ఓపెన్‌బిల్ కొంగ ఒకటి. మూసినా మధ్యలో సందుండే ఆ ముక్కుతో నత్తను గుల్లలోంచి ఎంత నేర్పుగా లాగిందో! గట్టు మీది పెద్దాయన "మెల్లగా మాట్లాడు నాయనా, పిల్లలున్నాయి" అన్నాడు. మీరు వెళ్తే గూళ్ళ దగ్గర డ్రోన్ మాత్రం ఎగరేయకండి.