ఫలోంబే దారిలో సగం గెనుసుగడ్డ

ఆఫ్రికాలోని మలావీకి సేవకు వచ్చి మూడేళ్లవుతున్నా, లింబేలో మినీబస్సు నిండేదాకా కూర్చోవడం నాకింకా అలవాటు కాలేదు. జూలైలో ఫలోంబే దగ్గరి ఒక పల్లెలో కూడికకు బయలుదేరిన రోజున, వరుసకు నలుగురి చొప్పున జనాన్ని సర్దేసరికి రెండు గంటలు గడిచాయి. పెట్రోలు కొరత పేరుతో చార్జీ పెంచడమే కాక, నా ఒడిలో ఉన్న, ఇక్కడి భాషైన చిచేవాలోని బైబిళ్ల పెట్టెకు కూడా ఒక మనిషి చార్జీ వసూలు చేశారు. చితకాలేలో దిగేవరకు ఆ డబ్బు గురించే మథనపడుతూ కూర్చున్నందువల్ల, చోలో తేయాకు తోటలు ఎప్పుడు దాటామో కూడా గమనించలేదు.

అక్కడి నుంచి మతోలా దొరికింది. సరుకులతో పాటు మనుషులనూ ఎక్కించుకునే టాపులేని ట్రక్కును ఇక్కడ అలా పిలుస్తారు. మొక్కజొన్న బస్తాల మీద పదిహేను మందిమి కూర్చున్నాం. ఈ కాలంలో మొజాంబిక్ వైపు నుంచి వచ్చే చలి జల్లు పేరు చిపెరోని. మా నెల్లూరు నవంబరు ముసురులా రోజుల తరబడి వదలదు, చలి మాత్రం ఎముకల దాకా దిగుతుంది. 3,002 మీటర్ల ములాంజే పర్వతం పక్కనే ఉన్నా మంచులో కనబడలేదు. మట్టిదారిలోకి తిరిగిన కాసేపటికే చక్రం బురదలో కూరుకుపోయింది.

చెరకు తోటల్లోని తెలుగు కూలీలకు సువార్త చెప్పడానికి 1903లో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్లిన జాన్ రంగయ్య గారి గురించి మా సంఘ పెద్దలు చెప్పగా విని, నన్నూ అలాగే పంపమని చిన్నప్పుడు ప్రార్థించినవాణ్ణి నేను. ఆ సాయంత్రం తడిసిన చొక్కాతో వణుకుతూ, ఎందుకు తెచ్చావయ్యా నన్నిక్కడికి అని ప్రభువునే నిలదీశాను.

పక్కనున్న ముసలామె నడుముకు చుట్టుకున్న రెండు చిటెంజె గుడ్డల్లో పైదాన్ని విప్పి నా భుజాల మీద కప్పింది. ఆమె వయసు వారిని ఇక్కడ అగోగో అంటారు, మన అవ్వ లాగే. “అబుసా, మీకు అమ్మ ఉందా?” అని అడిగింది. అబుసా అంటే కాపరి. పాస్టరును అలాగే పిలుస్తారు. నెల్లూరులో ఉందని చెప్పాను. ఆమె మూటలోంచి ఉడికించిన గెనుసుగడ్డ తీసి, విరిచి, పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను వరద తన ఇంటిని, మేకలను కొట్టుకుపోయిందని ఆ తర్వాత మాటల మధ్య తెలిసింది. నేను బడి నుంచి రాగానే మా అమ్మ పెట్టేది కూడా ఈ దుంపే. ఆ చల్లారిన ముక్క తింటున్నంతసేపూ, ఎన్నో నెలలుగా నాలో లేని సంతోషం మెల్లగా నిండింది.

మగవాళ్లతో పాటు దిగి నేనూ ట్రక్కును నెట్టాను. పైనున్న ఆడవాళ్లలో ఒకరు పాట ఎత్తుకోగా, మిగిలినవారు వాయిద్యమేదీ లేకుండానే మూడు నాలుగు స్థాయుల్లో అందుకున్నారు. మాటలు చిచేవావి, రాగం మాత్రం మా గుడిలో ఆదివారం పాడేదే. బురదలో మోకాళ్ల దాకా నిలబడి నేను తెలుగులో గొంతు కలిపాను. అగోగో నా వైపు వంగి చూసి, ఇంకా గట్టిగా పాడింది.