రెండు బుష్‌లార్క్‌లూ ఒకే ఫైల్‌లో పడట్లేదు

వరంగల్ దగ్గరి ధర్మసాగర్ అవతల మోరం నేలలో ఈసారి కూడా పిట్టపాటల రికార్డింగ్ పాడైంది, చిరాకు ఇంకా తగ్గలేదు. బుష్‌లార్క్‌లంటే పొదల బయళ్లలో ఉండే చిన్న పిట్టలు. వాటిలో జెర్డన్స్ బుష్‌లార్క్ శుభ్రంగా దొరికింది, పక్షుల రికార్డులు పెట్టే ఈబర్డ్ సైట్‌లో పెట్టేశాను. పేచీ అంతా ఇండియన్ బుష్‌లార్క్‌తోనే.

నాకు రెండూ ఒకే ఫైల్‌లో కావాలి. దగ్గరి చుట్టాలు, రెండింటికీ రెక్కల్లో అదే ఇటుక రంగు, రెండింటికీ 1845లో శాస్త్రీయ నామం పెట్టింది ఎడ్వర్డ్ బ్లైత్ ఒక్కడే. జెర్డన్స్‌ని చాలాకాలం ఇంకో జాతిలో ఉపజాతిగా కలిపేసి చూశారు, 1998లో పెర్ ఆల్‌స్ట్రోమ్ అనే స్వీడన్ పక్షి శాస్త్రవేత్త వాటి పాట, పాడుతూ ఎగిరే తీరు కూడా చూసి విడదీశాడు. పక్షులు ఎక్కడెక్కడో విడిగా బతికి పాట మారిపోయాక మళ్లీ ఒకే నేల మీదికి వస్తే, ఎవరి జత ఎవరో తేల్చేది చాలావరకు ఆ పాటే. కానీ పాట ఒక్కటే వేరైతే సరిపోదు, తిండి దగ్గరో చోటు దగ్గరో కూడా సర్దుకోవాలి. ఇక్కడ జెర్డన్స్ తుమ్మ చెట్ల అంచు వదలదు, కొమ్మ మీంచి కొంచెం లేచి, కాళ్లు వేలాడేసుకుని మళ్లీ కొమ్మ మీదికే దిగుతుంది. ఇండియన్ రాళ్ల బయల్లోంచి లేస్తుంది. రెండూ కలిసేది మధ్యలో ఉన్న తంగేడు పొదల దగ్గర. అక్కడ ఒకటి పాడితే రెండోది లేచి తరుముతుందా, పట్టించుకోదా అన్నదే నా ప్రశ్న.

ఇక పాడైన సంగతి. జూమ్ హెచ్5 రికార్డర్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువ పట్టే షాట్‌గన్ మైక్, నేల నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తు, పిట్ట దాదాపు 30 మీటర్ల దూరం. ఇండియన్ పాటలో ముందు టిట్ టిట్ అని పొట్టి ముక్కలొస్తాయి, అవి బాగానే పడ్డాయి. వెనక సాగే సన్నటి ఈల మాత్రం స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే శబ్దాన్ని గీతల్లా చూపే బొమ్మలో, బూడిద రంగులో కలిసిపోయింది. గాలి మోత అయితే 1000 హెర్ట్జ్ కింద కోసేస్తే పోయేది, కోశాను, పోలేదు. 3 నుంచి 8 కిలోహెర్ట్జ్ దాకా ఒకటే బుసబుస, అంటే మైక్ పక్కనున్న ఎండుగడ్డి రాపిడే అయ్యుండాలి, పాట ఉన్నదీ సరిగ్గా అక్కడే. మైక్‌ని మీటరున్నర ఎత్తుకు లేపితే గడ్డి తగ్గి గాలి పెరిగింది. పరుపుబండ మీద పెడితే గడ్డి లేదు కానీ ప్రతి టిట్ వెనకా నీడలా ఇంకో గీత, బండ నుంచి తిరిగొచ్చిన శబ్దం అనుకుంటున్నా. పైగా పిట్ట తిరుగుతూ పాడుతుంది కాబట్టి, కదలకుండా పెట్టిన షాట్‌గన్‌కి పాటలో సగం పక్కనుంచే అందుతుంది. స్పాంజి కవర్లు బయల్లో దండగ, బొచ్చు కవరే కొనండి. సాఫ్ట్‌వేర్‌తో నాయిస్ తీసెయ్యమని చాలామంది చెప్తారు, నాకు నచ్చదు, బుసతో పాటు ఈలనీ తినేస్తుంది.

ఈసారి బండ మీద పాత దుప్పటి నాలుగు మడతలు వేసి దాని మీద మైక్ పెడతా, రెండో మైక్ తుమ్మ వైపు, స్టీరియోలో చెరో ఛానల్. సూర్యుడు రాకముందు గాలి ఆగే ఆ అరగంటలోనే. రికార్డు చేసిన పాట వినిపించి పిట్టల్ని రెచ్చగొట్టను, గూళ్ల కాలం ఇది. పొద్దుకల్లా మబ్బు పట్టకుండా ఉంటే శనివారమే వెళ్తా, ఇది కుదిరితే ఐనవోలు వైపు గుట్టల దగ్గర కూడా ఇవి ఇలాగే చోటు పంచుకుంటున్నాయేమో చూడాలి.